చేతి కన్సోళ్ల పోటీలో గెలిచేది ఎవరు, గుంటూరులో అమ్ముడయ్యేది ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరు బ్రాడీపేటలో మీకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఫోన్ల మీద మిగులు పడిపోయింది కాబట్టి దసరాలోపు ఐదు లక్షలు పెట్టి, చేత్తో పట్టుకుని ఆడే గేమ్ కన్సోళ్లు తెప్పించాలనుకుంటున్నారు. నింటెండో స్విచ్ 2, వాల్వ్ వారి స్టీమ్ డెక్, ఆసుస్, లెనోవో కంపెనీల విండోస్ యంత్రాలు ఒకదాన్ని ఒకటి తోసేసుకుంటున్న ఈ పోటీలో చివరికి ఎవరు నిలుస్తారు, డబ్బు దేని మీద పెట్టాలి అని అడిగారు.

విజయవాడ గవర్నరుపేటలో వీడియో గేములు అమ్మడం, బాగుచేయడం నా వృత్తి. ఇరవై ఏళ్లు దాటింది. సూటిగా చెబుతాను. ప్రపంచం మొత్తం మీద లెక్కేస్తే స్విచ్ 2 గెలుస్తుంది, అందులో నాకు సందేహం లేదు. అలాగని ఐదు లక్షలూ దాని మీద పెడితే సంక్రాంతి వెళ్లాక కూడా డబ్బాలు మీ అల్మరాలోనే ఉంటాయి. ఈ వ్యాపారంలో ప్రపంచ విజేత వేరు, మన కౌంటర్ మీద కదిలే సరుకు వేరు. రెండూ కలిసిన సందర్భాలు నాకు తెలిసి చాలా తక్కువ.

పాత సంగతులు కొంచెం వివరంగానే చెబుతాను. కుర్రవాళ్లు యూట్యూబ్‌లో చూసి ‘దీని చిప్పు గొప్పది కాబట్టి ఇదే నిలుస్తుంది’ అంటూ వస్తారు. ఈ రంగంలో చిప్పు గొప్పదైన యంత్రం గెలిచిన దాఖలా దాదాపు లేదు.

1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చింది. పాచి రంగు తెర, తెర వెనుక వెలుతురు లేదు, రంగులు లేవు. అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో వచ్చింది. మరుసటి ఏడాది జపాన్‌లో సెగా గేమ్ గేర్ దిగింది. దానికీ రంగులున్నాయి, లైటు కూడా ఉంది. మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తే గేమ్ బాయ్ వైపు ఎవరూ చెయ్యి చాపరు. కానీ గేమ్ గేర్ ఆరు పెన్సిల్ సెల్లు మింగి మూడు నుంచి ఐదు గంటల్లో చేతులెత్తేసేది. గేమ్ బాయ్‌కు నాలుగు సెల్లు వేస్తే పది గంటలు సులువుగా దాటేది. అమెరికాలో గేమ్ బాయ్ 90 డాలర్లు, గేమ్ గేర్ 150, లింక్స్ 180. పైగా గేమ్ బాయ్ డబ్బాలోనే టెట్రిస్ పెట్టి ఇచ్చారు. పిల్లవాడి కోసం కొన్న యంత్రాన్ని రాత్రిపూట తండ్రి లాక్కుని ఆడుకునే గేము అది. గేమ్ బాయ్, దాని తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి దాటి ఆగిపోయింది.

ఆ గేమ్ బాయ్ వెనుక ఉన్న ఇంజనీరు పేరు గుంపెయి యొకోయి. అప్పటికే బాగా నలిగి, చవకై, లోపాలన్నీ తెలిసిపోయిన విడిభాగాలను తీసుకుని వాటితో కొత్త ఆట పుట్టించడం ఆయన పద్ధతి. ఆయన 1997లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. నింటెండో మాత్రం ఆ దారి ఈనాటికీ పూర్తిగా వదల్లేదు.

మన వైపు అప్పట్లో గేమ్ బాయ్ చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? మనకు తెలిసింది ఎగ్జిబిషన్‌లో దొరికే బ్రిక్ గేము. డబ్బా మీద 9999 ఆటలు అని రాసి ఉండేది. లోపల నిజంగా ఉండేవి పిడికెడు ఆటలు, మిగతావన్నీ వాటికే వేగాలు మార్చి అంకెలు పెంచినవి. ప్రపంచమంతా గేమ్ బాయ్ గురించి మాట్లాడుకుంటుంటే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గెలిచింది ఆ పేరులేని చైనా డబ్బా. కారణాలు రెండే: చవక, ఏ వీధిలోనైనా దొరకడం.

2004లో ఇంకా ముచ్చటైన పోటీ జరిగింది. నింటెండో డీఎస్ 150 డాలర్లకు రెండు తెరలతో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లో మొదలైన సోనీ పీఎస్పీ మరుసటి మార్చిలో అమెరికాకు 250 డాలర్ల ధరతో వెళ్లింది. 4.3 అంగుళాల తెర, సినిమాలు, పాటలు, సీడీని కుదించినట్టుండే యూఎండీ డిస్కు. చేతిలోకి తీసుకుంటే కళ్లు చెదిరేవి. అయినా డీఎస్ 15 కోట్ల 40 లక్షలు అమ్ముడైంది, పీఎస్పీ ఏడున్నర కోట్లు దాటింది. మెదడుకు కసరత్తు లాంటి ఆటలతో డీఎస్ పెద్దవాళ్లను, అంతకుముందు గేమ్ ముట్టని ఆడవాళ్లను కూడా కొనిపించింది. సోనీ ఆ వైపు చూడలేదు.

మరి బెజవాడలో? ఇక్కడ పీఎస్పీదే రాజ్యం. సోనీ షోరూములు ఇక్కడ ఉన్నాయి, బిల్లు ఇస్తారు, పాడైతే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. డీఎస్ కావాలంటే చెన్నై బర్మా బజారుకో, విదేశాల్లో ఉన్న చుట్టాలకో చెప్పుకోవాలి. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచింది మన దగ్గర మొదటి స్థానంలో కూర్చుంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. పీఎస్పీ ఉన్నవాళ్లు చాలామందే గానీ డబ్బు పెట్టి యూఎండీ కొన్నవాళ్లు తక్కువ. మెమరీ స్టిక్‌లో గేములు ఎక్కించి ఇవ్వడమే అప్పట్లో ఊరంతా వ్యాపారం. కన్సోల్ కంపెనీకి అసలు లాభం గేముల మీద. యంత్రం కోట్లలో అమ్ముడై కూడా సోనీ చేతి కన్సోళ్ల దారిలో ఎక్కువ దూరం వెళ్లకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఇక మీకు నేరుగా పనికొచ్చే కథ 2011 నాటిది. నింటెండో 3డీఎస్‌ను అమెరికాలో మార్చి నెలలో 250 డాలర్లకు దించింది. అమ్మకాలు నీరసంగా సాగాయి. ఆరు నెలలు కూడా తిరగకుండానే ఆగస్టులో ధర 170 డాలర్లకు కోసేసింది. ముందు కొన్నవాళ్లకు ఊరడింపుగా 20 పాత గేములు ఉచితంగా ఇచ్చింది, అధ్యక్షుడు సతోరు ఇవాతా తన జీతం సగం తగ్గించుకున్నారు. ఆ తర్వాత 3డీఎస్ కోలుకుని ఏడున్నర కోట్లు దాటింది కూడా. కంపెనీకి అది తెలివైన పని. అధికారిక పంపిణీదారు ఉన్నచోట ధర తగ్గితే దుకాణానికి ఎంతో కొంత సర్దుబాటు ఉంటుంది. మనలాంటి దిగుమతి సరుకు అమ్మేవాడు పాత ధరకు కొన్న డబ్బాలు పట్టుకుని నిలబడితే ఆ తేడా ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. ఐదు లక్షల సరుకు అన్నప్పుడు నా మనసులో మొదట మెదిలింది ఇదే.

అదే ఏడాది చివర వచ్చిన సోనీ వీటా ఎలా పోయిందో కూడా గుర్తుంచుకోండి. అందమైన యంత్రం, అద్భుతమైన తెర. దానికి మామూలు మెమరీ కార్డు పట్టదు, సోనీ సొంత కార్డే కొనాలి. అమెరికాలో 32 గిగాబైట్ల కార్డు ఒక్కటే 100 డాలర్లు, యంత్రం 250. కొనేవాడికి ఒళ్లు మండదా?

ఇప్పటి పోటీకి వద్దాం.

2017లో వచ్చిన మొదటి స్విచ్ 15 కోట్లు దాటింది. స్విచ్ 2 2025 జూన్ 5న 450 డాలర్లకు వచ్చింది. మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలు, సెప్టెంబరు ఆఖరుకు కోటి దాటాయి. రెండో వైపు స్టీమ్ డెక్, ఆసుస్ రోగ్ ఆలై, లెనోవో లీజియన్ గో, ఎంఎస్ఐ కంపెనీ క్లా వంటివన్నీ కలిపి 2022 నుంచి మూడేళ్లలో సుమారు 60 లక్షలు బయటికి వెళ్లాయని మార్కెట్ లెక్కలు తీసే ఐడీసీ సంస్థ అంచనా. నాలుగు కంపెనీలు మూడేళ్లలో చేసినదాన్ని నింటెండో నాలుగు నెలల్లోపే దాటేసింది. దీన్ని పోటీ అనడానికి నాకు నోరు రాదు. స్విచ్‌ను కొనేది మారియో, పోకెమాన్, జెల్డా కోసం. ఆ ఆటలు ఇంకెక్కడా దొరకవు. స్టీమ్ డెక్‌ను కొనేది అప్పటికే కంప్యూటర్‌లో కొని పెట్టుకున్న గేములను మంచం మీద పడుకుని ఆడుకోవడానికి. ఒకరి గిరాకీని ఇంకొకరు లాక్కునేది చాలా స్వల్పం.

అసలైన పోటీ రెండో గుంపు లోపల జరుగుతోంది, స్టీమ్ ఓఎస్‌కు, విండోస్‌కు మధ్య. ఓఎస్ అంటే యంత్రాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్. వాల్వ్ లినక్స్ ఆధారంగా స్టీమ్ ఓఎస్ తయారుచేసుకుంది. 2025లో లెనోవో తన లీజియన్ గో ఎస్‌ను అదే ఓఎస్‌తో కూడా అమ్మడం మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ ఊరుకోకుండా ఆసుస్‌తో కలిసి అక్టోబరు 16న ఎక్స్‌బాక్స్ ఆలై పేరుతో రెండు రకాలు దించింది, ఒకటి 600 డాలర్లు, ఇంకొకటి 1000. శక్తిలో విండోస్ యంత్రాలే మేలు. అయినా నా ఓటు స్టీమ్ ఓఎస్‌కే. ఎందుకో కౌంటర్ దగ్గర చూపిస్తే అర్థమవుతుంది. స్టీమ్ డెక్‌లో ఆట మధ్యలో పైన ఉన్న పవర్ బటన్ ఒకసారి నొక్కండి, తెర ఆరిపోతుంది. సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లి మళ్లీ నొక్కండి, బంతి గాలిలో ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే కదులుతుంది. విండోస్ యంత్రం నిద్రపోయిందనుకుని సంచిలో పెడితే ఒక్కోసారి అందులోనే మేలుకుని, ఫ్యాను తిప్పుకుంటూ బ్యాటరీ మొత్తం ఖాళీ చేసి పెడుతుంది. ఏడంగుళాల తెర మీద డెస్క్‌టాప్ గుర్తులు వేలితో నొక్కే చిరాకు సరేసరి. మైక్రోసాఫ్ట్ కొత్తగా పూర్తి తెర పద్ధతి ఒకటి తెచ్చి దీన్ని చక్కదిద్దే పనిలో ఉంది. ముందున్న దానికంటే మెరుగే, ఇంకా చాలా దూరం వెళ్లాలి.

అయితే స్టీమ్ ఓఎస్‌కు ఒక పెద్ద లోటుంది, అది మన కుర్రవాళ్లకే ఎక్కువ తగులుతుంది. మోసగాళ్లను పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాముల వల్ల వాలొరంట్, ఫోర్ట్‌నైట్, కంప్యూటర్ పబ్‌జీ దానిలో నడవవు. జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 సెప్టెంబరు నుంచి ఆగిపోయింది. మీ దుకాణానికి వచ్చే కుర్రవాడు మొదట అడిగేది ‘ఇందులో బీజీఎంఐ ఆడవచ్చా?’ అనే. బీజీఎంఐ అంటే ఫోన్ పబ్‌జీకి మన దేశపు రూపం. అది స్విచ్‌లో రాదు, డెక్‌లో రాదు. ఫోన్‌లో ఉచితంగా వచ్చే ఆట అరవై వేల యంత్రంలో రాదంటే అతని ముఖంలో మారే రంగు చూసి తీరాలి. ఈ కంపెనీలన్నిటికీ మన దేశంలో నిజమైన ప్రత్యర్థి ఫోనే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు కుర్రవాళ్లు కన్సోళ్ల వైపు వస్తారని మా వ్యాపారంలో చాలామంది ఆశపడ్డారు. అందరూ ఇంకో ఫోన్ ఆటకు మళ్లారు, ఆ తర్వాత బీజీఎంఐ రాగానే అటు వెళ్లిపోయారు.

గేముల ధర సంగతి యంత్రం ధర కన్నా ముఖ్యం. వాల్వ్ వారి ఆన్‌లైన్ గేముల దుకాణం స్టీమ్‌లో 2015 నుంచి రూపాయల్లో ధరలున్నాయి, యూపీఐతో కట్టవచ్చు. వేసవిలోనూ సంక్రాంతికి ముందూ పెద్ద తగ్గింపులు వస్తాయి. ఓపిక ఉన్నవాడు వెయ్యి రూపాయలకు మూడు నాలుగు మంచి గేములు కొనుక్కుంటాడు. నింటెండో ఈ దేశంలో అధికారికంగా అమ్మడమే లేదు. దాని ఆన్‌లైన్ దుకాణంలో భారతదేశం పేరే కనిపించదు. వేరే దేశం ఖాతా తెరిచి, ఆ దేశం గిఫ్టు కార్డులు కొని నింపాలి. లేదంటే దిగుమతి కార్ట్రిడ్జి, అంటే గేము నింపిన చిన్న కార్డు, కొనాలి. మారియో కార్ట్ వరల్డ్‌కు అమెరికాలోనే 80 డాలర్లు. రెండేళ్లలో ఆరు గేములు కొనేవాడికి గేముల ఖర్చే యంత్రం ఖర్చంత అవుతుంది. ఈ లెక్క కొనేముందే కాగితం మీద వేసి చూపించండి. అమ్మకం ఒకటి పోవచ్చు, ఆ మనిషి మాత్రం మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. అయితే కార్ట్రిడ్జికి ఒక సుగుణం ఉంది: ఆడేశాక అమ్ముకోవచ్చు. స్టీమ్‌లో కొన్నది అమ్మడానికి వీల్లేదు. ఇంకో జాగ్రత్త, స్విచ్ 2 కార్ట్రిడ్జిల్లో కొన్నింటిలో గేము ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. డబ్బా మీద ఆ గుర్తు ఉంటుంది, చూసి అమ్మండి.

ఇప్పుడు ఏ కంపెనీ ప్రకటనలోనూ లేని విషయం: మన ఎండ. స్విచ్‌నైనా స్టీమ్ డెక్‌నైనా చుట్టూ వేడి 35 డిగ్రీలకు మించని చోట వాడమని తయారీదారులే చెబుతారు. 2022లో జపాన్‌లో, ఐరోపాలో ఎండలు మండినప్పుడు రెండు కంపెనీలూ ఈ మాట బహిరంగంగా గుర్తుచేశాయి. మనకు ఏప్రిల్ సగం నుంచి జూన్ దాకా ఫ్యాను కింద గది వేడే 36, 37 ఉంటుంది. రోహిణి కార్తెలో ఇక చెప్పక్కర్లేదు. డెక్‌లో చిప్పు వేడి వంద డిగ్రీల దగ్గరికి వస్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట నత్తనడక నడుస్తుంది, కొన్నవాడు ‘మీరు పాడైనది అంటగట్టారు’ అంటూ వస్తాడు. దానికి తోడు మన రోడ్ల దుమ్ము. ఏడాది వాడిన యంత్రం వెనుక మూత విప్పితే ఫ్యాను రెక్కల మీద, రాగి పలకల సందుల్లో బూడిద రంగు ఉన్నిలాంటి పొర గడ్డకట్టి ఉంటుంది. మెత్తని బ్రష్‌తో దాన్ని తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూస్తే చాలు, ఫ్యాను మోత అప్పటికప్పుడు తగ్గుతుంది. వేసవి మూడు నెలలూ నాకు కొత్త యంత్రాల అమ్మకం కన్నా ఈ పని మీదే ఎక్కువ మిగులుతుంది. మీ దగ్గర ఫోన్లు విప్పే కుర్రవాడు ఉంటాడుగా, నెల రోజుల్లో నేర్చుకుంటాడు.

బ్యాటరీ గురించి రెండు మాటలు. నింటెండో లెక్కలో స్విచ్ 2 రెండు నుంచి ఆరున్నర గంటలు. ఓఎల్ఈడీ స్టీమ్ డెక్‌కు వాల్వ్ చెప్పేది మూడు నుంచి పన్నెండు. పెద్ద గేమైతే తక్కువ అంకెనే నమ్మండి. 2023లో వచ్చిన మొదటి రోగ్ ఆలైలో 40 వాట్ అవర్ల బ్యాటరీ ఉంది. రత్నాచల్‌లో విశాఖ బయల్దేరినవాడు పెద్ద గేము పెడితే తుని రాకముందే ఛార్జరు వెతుక్కుంటాడు. తర్వాతి ఆలై ఎక్స్‌లో దాన్ని 80కి పెంచారు, ధర కూడా ఆ మేరకు పెరిగింది.

ఇక కొనేవాళ్లెవరు? మనకు ఉన్న గిరాకీలో పెద్ద భాగం వడ్డేశ్వరం, నీరుకొండ, ఇనవోలు వైపు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు, వాళ్ల వయసే ఉన్న ఉద్యోగస్థులు. ఇక్కడే విండోస్ యంత్రాలకు చిక్కు వచ్చిపడుతుంది. రోగ్ ఆలై 2023లో మన దేశంలో 69,990 రూపాయలకు వచ్చింది. ఆ డబ్బుకు గేములు ఆడగల లాప్‌టాప్ వస్తుంది. లాప్‌టాప్ అంటే చదువుకు అని నాన్నగారు సంతకం పెడతారు. చేతి కన్సోల్‌ను చదువు ఖాతాలో వేయడానికి ఏ కొడుకూ ఇంతవరకు దారి కనిపెట్టలేదు. కాబట్టి ఆ యంత్రాలను కొనేది సొంత జీతం వచ్చినవాళ్లే. వాళ్లు ఆన్‌లైన్‌లో కంపెనీ వారంటీతో, వాయిదాల మీద కొనుక్కుంటారు. మీ దగ్గరికి రారు. అందువల్ల అవి కౌంటర్‌లో పెట్టవద్దు.

సోనీ ప్లేస్టేషన్ పోర్టల్ చవకగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో 18,990 రూపాయలకు మన దేశంలో విడుదల చేశారు. అడిగినవాడికి మొదట చెప్పాల్సింది ఇది ఒంటరిగా పనిచేయదని. ఇంట్లో ప్లేస్టేషన్ 5 ఉండాలి, అది నడుస్తుండాలి, వైఫై బాగుండాలి. ఇంట్లో కరెంటు పోతే ఇది ఉత్త తెర. కొన్ని దేశాల్లో నేరుగా ఇంటర్‌నెట్ నుంచి ఆడే వీలు ఇచ్చారుగానీ ఆ చందా పథకం మన దేశంలో లేదు. ప్లేస్టేషన్ 5 ఉన్న ఇంటికి, టీవీ దగ్గర సీరియళ్ల పోటీ ఉన్న ఇంటికి చక్కని వస్తువు. మిగతావాళ్లకు అమ్మితే మర్నాడే వెనక్కి తెస్తారు.

వేల గేములు నింపి రెండు మూడు వేలకు వచ్చే చైనా రెట్రో యంత్రాలు మాత్రం వేడి పకోడీల్లా కదులుతాయి, ఆ మాట దాచను. కానీ అందులోని గేములు దొంగ కాపీలు. కాపీరైట్ చట్టం కింద అమ్మినవాడిది కూడా బాధ్యతే. నేను పెట్టను. మీ ఇష్టం మీది.

‘కొన్నాళ్లు ఆగితే ధర తగ్గుతుంది కదా?’ అని కూడా అడిగారు. పాత రోజుల్లో అదే సూత్రం. ఇప్పుడు తిరగబడింది. ఎనిమిదేళ్ల పాత స్విచ్ ధరను 2025 ఆగస్టులో అమెరికాలో పెంచారు. అదే నెలలో ప్లేస్టేషన్ 5 కూడా అక్కడ 50 డాలర్లు పెరిగింది. ఏడాది చివరికి వచ్చేసరికి ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎత్తుకుపోవడంతో ర్యామ్ ధరలు ఎగిశాయి. ఈ యంత్రాల్లో ర్యామ్, స్టోరేజీ పెద్ద ఖర్చు కాబట్టి దగ్గర్లో తగ్గింపు ఆశించకండి. అలాగని పెరుగుతుందని నిల్వ చేయడం కూడా జూదమే. మీ దగ్గర ఉన్న డబ్బాకు వారంటీ గడువు ఎప్పుడు మొదలైందో, ఏ దేశం సరుకో కొనేవాడు అడుగుతాడు.

పాత యంత్రాల వ్యాపారం వైపు మీరు చూడలేదు. నా ఉద్దేశంలో మీ డబ్బు పెట్టాల్సింది అక్కడ. మొదటి స్విచ్‌లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి. స్విచ్ 2కు ఎగబాకేవాళ్లు పాతది అమ్ముతున్నారు, తమ్ముడికో కొడుకుకో కొనేవాళ్లు ఉన్నారు. కొనేటప్పుడు నేను చేసే తనిఖీ ఇలా ఉంటుంది. సెట్టింగులలో కంట్రోలర్ల కింద స్టిక్ కాలిబ్రేషన్ తెరుస్తాను, బొటనవేలితో తిప్పే పుల్లను సరిచూసే పేజీ అది. స్టిక్‌ను ముట్టుకోకుండా చూస్తాను. మధ్యలో ఉండాల్సిన గుర్తు తనంతట తానే పక్కకు జరుగుతుంటే లోపల కార్బన్ పట్టీ అరిగిందన్నమాట. తర్వాత నాలుగు వైపులా గుండ్రంగా తిప్పుతాను, గీత వలయం అంచు తాకాలి. రెండు పక్కలా ఉండే కంట్రోలర్లు, అంటే జాయ్‌కాన్లు, తీసి మళ్లీ పట్టాల్లో తోస్తాను, టిక్కుమనాలి, కదిపితే ఊగకూడదు. కార్ట్రిడ్జి పెట్టి చదువుతుందో లేదో చూస్తాను. టీవీకి కలిపే స్టాండు, అంటే డాక్‌లో పెట్టి టీవీకి బొమ్మ వస్తుందా, వైఫైకి తగిలించి ఆన్‌లైన్ దుకాణం తెరుచుకుంటుందా చూస్తాను. ఈ చివరిదాన్ని ఎప్పుడూ వదలకండి. దొంగ గేములు ఆడిన యంత్రాలను నింటెండో తన నెట్‌వర్క్ నుంచి వెలివేస్తుంది. స్విచ్ 2లో ఈ విషయంలో ఇంకా కఠినంగా ఉంది. అలాంటిది మీ చేతికి వస్తే దాని విలువ సగం కూడా ఉండదు. స్టిక్కు అరిగినదైతే భయపడక్కర్లేదు, ధర తగ్గించి తీసుకోండి. మూడు రెక్కల స్క్రూడ్రైవర్ ఉంటే అరగంట పని. కొత్త స్టిక్ వేసేటప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ రకం వేయండి, రాపిడి ఉండదు కాబట్టి అలా అరిగిపోదు.

ఐదు లక్షలలో నేనైతే కొత్త యంత్రాల మీద పెట్టేది స్విచ్ 2 ఒకటి, అది కూడా అమ్మకానికి కాదు, వచ్చినవాళ్ల చేతికి ఇచ్చి ఆడించడానికి. మిగతా కొత్త సరుకంతా సగం బయానా తీసుకుని ఆర్డరు మీద తెప్పించండి. సుంకం కట్టిన బిల్లు ఉన్న దిగుమతిదారు దగ్గరే కొనండి. బిల్లు లేని సరుకు రెండు వేలు తక్కువకు వస్తుంది, తనిఖీ జరిగిన రోజు మొత్తం పోతుంది. లక్షన్నర దాకా పాత స్విచ్‌ల మీద, కార్ట్రిడ్జిల మీద తిప్పండి. కార్ట్రిడ్జి మార్పిడి పెడితే నెలకు ఒకసారైనా మనిషి మెట్లెక్కుతాడు. ఒక యాభై వేలు పనిముట్లకు, స్టిక్కులకు, బ్యాటరీలకు. టెంపర్డ్ గ్లాసులు, సంచులు, కార్డులు మీకు ఎలాగూ తెలిసిన వ్యాపారమే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, స్విచ్ 2లో గేములు పెట్టుకోవడానికి మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి. మామూలు మైక్రోఎస్డీ పెడితే పాత ఫొటోలు, వీడియోలు ఎక్కించుకోవడానికి తప్ప పనికిరాదు. స్టీమ్ డెక్‌కు మామూలుది చాలు. ఫోన్ కంపెనీల సొంత ఫాస్ట్ ఛార్జర్లు కూడా వీటికి సరిపడవు. పవర్ డెలివరీ రకం ఛార్జర్లు, డెక్‌కు 45 వాట్లు, ఆలైకి 65 వాట్లవి పెట్టుకోండి. మిగిలిన డబ్బు ఆరు నెలలు కదిలించకండి, గిరాకీ ఏ వైపు ఉందో మీ ఊరే చెబుతుంది.

ఇక అమెరికాలో ఉన్న మీ బావగారి చేత నాలుగు స్టీమ్ డెక్‌లు తెప్పించే ఆలోచన. స్టీమ్ డెక్ ఇక్కడ అధికారికంగా అమ్మరు కాబట్టి ఆ ఆలోచన రావడం సహజమే. ఒకటి సొంతానికి తెచ్చుకోండి, బాగుంటుంది. అమ్మకానికి నాలుగు తెస్తే అది ప్రయాణికుల సామాను కింద రాదు, గన్నవరంలోనో హైదరాబాద్‌లోనో కస్టమ్స్ వాళ్లు ఆపి అడిగితే ఆయన చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పాడైతే వారంటీ కోసం మళ్లీ అమెరికాకే పంపాలి. ఒక్కటి తెచ్చినా కొన్న బిల్లు ఆయన ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా ఉండేలా చూసుకోమనండి. ఛార్జరు మన 230 వోల్టులకు సరిపోతుంది, పిన్ను మార్చే అడాప్టర్ ఒకటి చాలు.